గ్రహణం విడిచేదాకా

కరోనాకు ముందు డిసెంబరులో, పొద్దున పూట సూర్యగ్రహణం పట్టింది. అప్పుడు మేం చిక్కడపల్లి వెనక బస్తీలో రేకుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. నా కూతురు కాన్పుకు నా దగ్గరికి వచ్చింది. ఎనిమిది నెలలు నిండాయి.

నేను అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేదాన్ని. ఆ రోజు పనికి పోలేదు. నా తమ్ముడు గ్రహణం మొర్రితో, పై పెదవి చీలి పుట్టాడు. గ్రహణం నాడు మా అమ్మ వంకాయలు తరిగిందని పాలమూరు వైపు మా ఊళ్లో అందరూ అన్నారు. చచ్చేదాకా అమ్మ ఆ మాట పడింది. నా కూతురు పడకూడదనుకున్నాను.

ఎనిమిది కాకముందే తలుపు మూసి, కిటికీకి దుప్పటి కట్టి, నీళ్ల బిందె మీద గరిక వేశాను. కూతుర్ని చాప మీద వెల్లకిలా పడుకోబెట్టాను. కాళ్లూ చేతులూ ముడవకూడదు, పక్కకు తిరగకూడదు.

కాసేపటికి తను అంది: “అమ్మా, పొద్దుగాల సంది లోపల కదుల్తలేదే.”

“గ్రహణం కదనే. అది గూడ సప్పుడు చెయ్యక పండుకున్నది.”

“దవాఖాన కార్డు మీద రాసిండ్రు, కదలకుంటే జల్ది రమ్మని.”

“కార్డు రాసినోళ్లకు గ్రహణం సంగతేం ఎరుక? విడువంగనే తానం చేసి పోదాం. జర ఓపిక పట్టు.”

అలాగే పడుకుంది. నా మాట వినే పిల్ల.

అప్పుడు నేల వైపు చూశాను. మా రేకులకు పాత మేకుల చిల్లులు చాలా ఉండేవి. రోజూ వాటిలోంచి ఎండ గుండ్రటి చుక్కలుగా పడేది. ఆ పూట ఒక్కటీ గుండ్రంగా లేదు. అన్నీ నెలవంకలే. గచ్చు మీద, గోడ మీద, బియ్యం డబ్బా మీద, అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. నా యాభై ఏళ్లలో అంత అందమైనది చూడలేదు.

గోడ అవతల నుంచి పక్కింటామె కేకేసింది. “ఓ అక్కా! మా ఇంట్ల సూర్యుడు కొడవళ్లు పారేసుకున్నడే! మీ ఇంట్ల గూడ పడ్డయా?”

“మస్తు పడ్డయి! ఏరి పెట్టమంటవా?” అన్నాను.

కూతురు కూడా నవ్వింది, కదలకుండానే.

ఒక నెలవంక జరిగి జరిగి తన కడుపు మీదికి వచ్చింది. కొంగు కప్పాను. అది చాలదని నేనే ఎండకు అడ్డంగా కూర్చున్నాను. గంటకు పైగా వీపు మీద ఆ వెలుగు మోస్తూ, కాపాడుతున్నానని సంతోషపడ్డాను. ఒక్కసారైనా కడుపు మీద చెయ్యి పెట్టి చూడలేదు.

పదకొండు దాటాక విడిచింది. ఇల్లు కడిగాను. ఇద్దరం తలకు పోసుకున్నాం. ఆ తర్వాతే ఆటో ఎక్కి నారాయణగూడలో దవాఖానకు పోయాం. డాక్టరమ్మ కడుపు మీద మిషన్ పెట్టి చాలాసేపు వెతికింది.

“ఎప్పటి నుంచి కదలడం లేదు?”

కూతురు నా వైపు చూసింది. “పొద్దుగాల సంది,” అన్నాను నేను.

“మరి ఇప్పుడా వచ్చేది?”

మగపిల్లవాడు. పెదవి చక్కగా ఉంది. నేను మొదట చూసింది అదే.

ముందే వచ్చి ఉంటే బతికేవాడా అని అడిగాను. చెప్పలేం అంది డాక్టరమ్మ. ఆ మాటతోనే ఇన్నేళ్లు గడిపాను.

కరోనా తగ్గాక హాస్టల్లో ఒక అమ్మాయి మధ్యాహ్నాలు నాకు అక్షరాలు నేర్పింది. కూడబలుక్కుని చదవడం వచ్చాక ఆ కార్డు తీశాను. బిడ్డ కదలికలు తగ్గితే ఆలస్యం చేయకుండా రావాలని అచ్చులో ఉంది. నా కూతురు ఆ రోజు చెప్పింది అదే. ఇది నాకు చదువు రాకపోవడం వల్ల జరిగింది కాదు. తను చదివి చెప్పినా నేను వినలేదు.

తనకు మళ్లీ పిల్లలు కాలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. వచ్చినప్పుడల్లా నా తల దువ్వుతుంది. కానీ ఒంట్లో బాగాలేకపోతే నాకు చెప్పదు. పోయిన నెల తనకు గర్భసంచి తీసేశారని, తను దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన నాలుగు రోజులకు అల్లుడు చెప్పాడు. ఫోన్ చేశాను.

“నాకెందుకు చెప్పలేదే?”

“నువ్వు పరేషాన్ అయితవని, అమ్మా.”

గొంతులో కోపం లేదు. తిన్నావా అని అడిగి, పెట్టేసింది.