కింది వాటా అద్దె

కోల్‌కతా పక్కనున్న లిలువా రైల్వే వర్క్‌షాపు స్టోర్సు ఆఫీసులో ముప్ఫయ్యారేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరైన కృష్ణకుమారికి సొంతంగా గజం స్థలం లేదు. అయినా కోల్‌కతాలో తెలుగువాళ్ళెవరైనా అద్దెకివ్వడానికి ఫ్లాటు కొనాలంటే ముందు ఆవిడ గడప తొక్కాల్సిందే. బ్యాంకు ఆఫీసర్లూ, న్యూటౌన్ కంప్యూటర్ కుర్రాళ్ళూ ఆవిడను టాక్సీలో కూర్చోబెట్టుకుని మరీ తీసుకెళతారు. ఫీజు ఏమీ లేదు, మధ్యాహ్నం భోజనంలో చేపల పులుసు ఉంటే చాలు.

బ్రోకర్లకు మాత్రం ఆవిడంటే హడలు. హాలు చూడదు, బాల్కనీ చూడదు. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని తిన్నగా బాత్‌రూమ్‌లోకి వెళుతుంది. తరవాత వీధిలో ఇస్త్రీ బండి దగ్గర నిలబడి, ఇంతకు ముందున్నవాళ్ళు ఎందుకు ఖాళీ చేశారో ఆరా తీస్తుంది. ఒకసారి గార్డెన్ రీచ్‌లో ఒక బ్రోకరు కిటికీ తెరిచి గంగను చూపించబోతే, ఆవిడ గోడ మీద మోకాలెత్తున ఉన్న నీటి చారను చూపించింది.

"వానాకాలంలో గంగే లోపలికొస్తాది గదా. కిటికీ ఎందుకు?" అంది.

"వచ్చే అద్దె కాదు, మిగిలే అద్దె సెప్పండి" అన్నది ఆవిడ మంత్రం. ఏడాదికి రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉంటుందనుకోవాలి. పన్ను, పంపు రిపేరు, సున్నాలు, ఆఖరికి క్లబ్బు కుర్రాళ్ళ దుర్గపూజ చందాతో సహా తీసేయాలి. చేతిలో మిగిలిందే ఆ ఇంటి విలువ. అన్నిటికన్నా పెద్ద గండం పాత అద్దెదారు. ఈ ఊళ్ళో ఏనాటి నుంచో ఉంటున్నవాళ్ళు ఆనాటి అద్దే కడతారు, చట్టం వాళ్ళ పక్షాన ఉంటుంది, అందుకే అలాంటి కొంపలు చవగ్గా వస్తాయి. "పాత మనిషున్న ఇల్లు కొనడమంటే అత్తగారిని కొనుక్కోడం. కదపలేం, అడగలేం" అని ఆవిడ ఎందరినో వెనక్కి లాగింది.

ఇన్ని కబుర్లు చెప్పే కృష్ణకుమారి ఎక్కడుంటుందయ్యా అంటే, లిలువాలోనే ఒక రెండంతస్తుల ఇంట్లో, కింది వాటాలో, ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా. అద్దె ఆరువందలు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారు. ఈ బల్లి తొట్టిలోనే కాపురం పెట్టింది, పైగా అది తొట్టి అని దానికి తెలియదు.

ఇల్లుగలావిడ లతికా భట్టాచార్య పై వాటాలో ఒంటరిగా ఉంటుంది. డెబ్భై ఎనిమిదేళ్ళు. కృష్ణకుమారి ఆవిడను వదినగా భావించి బౌదీ అని పిలుస్తుంది. నాలుగేళ్ళ కిందట బౌదీ మోకాళ్ళు అరిగిపోయాయి. ఒకటో తారీఖున పైనుంచి తాడు కట్టిన సంచీ దిగుతుంది, అందులో ఆరువందలు పైకి వెళతాయి, రసీదు కిందికి వస్తుంది. ఎంత సుఖమైన ఏర్పాటో అని కృష్ణకుమారి మురిసిపోయేది.

ఈ వానాకాలంలో బౌదీ ఇల్లు అమ్మకానికి పెట్టింది. చందన్‌నగర్‌లో చెల్లెలి పంచన చేరతానంది. కృష్ణకుమారికి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. చట్టం తన పక్షానే ఉన్నా, కొనేవాడు తనను ఉండనిస్తాడా అన్న భయం ఒకటి, బౌదీ లేని ఇల్లు ఎలా ఉంటుందన్న దిగులు ఒకటి.

మూడో రోజు సాయివర్ధన్ వచ్చాడు. వరంగల్ కుర్రాడు, న్యూటౌన్‌లో ఉద్యోగం. చవగ్గా వస్తోందని బ్రోకరు చెప్పిన ఇల్లు ఇదే. ఇందులో ఆవిడ ఉంటుందని తెలిసీ, సలహాకు ఆవిడ దగ్గరికే వచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి లెక్క చూపించాడు.

"పై వాటాకు ఎనిమిది వేలొస్తయ్ ఆంటీ. కింద..." అని ఆగిపోయాడు. కింది వాటా గడి ఖాళీగా ఉంది. తల్లిదండ్రులు పద్ధతిగా పెంచిన పిల్లాడు.

"ఖాళీగా ఒదలకూడదు బాబూ. ఏటొస్తే అదే రాయాల."

"ఎంత రాయమంటరు?"

కృష్ణకుమారి గొంతు సవరించుకుంది. పమిట సర్దుకుంది.

"ఆరొందలు."

అతను ఆ అంకె కొట్టాడు. కిందనున్న మొత్తం నష్టం చూపిస్తూ ఎర్రబడింది. ఇక ఈ కుర్రాడు కొనడు, తన వాటాకు ఢోకా లేదు. నిజం చెప్పిన పుణ్యమూ దక్కింది, ఇల్లూ దక్కింది. ఆవిడ మనసు హాయిగా ఊపిరి పీల్చుకుంది.

"గిట్లయితే నడవదు ఆంటీ. అయినా ఈ వయసుల అంత పెద్దామె ఇల్లెందుకు అమ్ముకుంటున్నది?"

"మెట్లు దిగలేక బాబూ. నాలుగేళ్ళయింది ఆవిడ నేల మీద కాలెట్టి" అంది కృష్ణకుమారి. అని తన కాళ్ళ కింది గచ్చు వైపు చూసుకుంది.

నేల మీద ఉన్నది తను. అందరి ఇళ్ళలో లోపాలు వెతికిన మనిషికి తన ఇంటి లోపం కనబడటానికి నాలుగేళ్ళు పట్టింది.

"ఇది అమ్మకానికి లేదు బాబూ. నీకింకోటి సూస్తాను" అని అతన్ని అక్కడే కూర్చోబెట్టి గబగబా మెట్లెక్కింది.

బౌదీ మంచం మీద కూర్చుని బీరకాయ చెక్కు తీస్తోంది. కృష్ణకుమారి రొప్పుతూనే బెంగాలీలో అడిగేసింది.

"బౌదీ, మీరు కిందికి రండి. నేను పైకి వస్తాను. ఈ నెల నుంచి ఎనిమిది వేలు ఇస్తాను. ఇల్లు అమ్మొద్దు."

బౌదీ చేతిలో కత్తి పక్కన పెట్టింది. "పైన కప్పు కారుతుంది కుమారీ. ఎనిమిది ఎక్కువ. ఆరు చాలు."

"నాలుగేళ్ళలో ఒక్కసారైనా కింది వాటా కావాలని అడగొచ్చు కదా."

"అడిగితే నువ్వు ఖాళీ చేసి వెళ్ళిపోతావు. అమ్మితే నేను వెళ్ళిపోతాను. నిన్ను పొమ్మనడానికి నాకు నోరు రాలేదు."

కృష్ణకుమారి మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడి, చిన్నపిల్లలా ఏడ్చింది. కాసేపటికి పమిటతో ముక్కు తుడుచుకుని బేరానికి దిగింది. అరగంట సేపు పట్టుబట్టి, ఆరువేలన్న ఇల్లుగలావిడను ఏడువేలకు ఒప్పించింది.