మయూర్ విహార్‌లో సాక్సులు

ఆఫీసు పని మీద ఢిల్లీ వెళ్లినప్పుడు, అక్కడి సహోద్యోగి అమిత్ మయూర్ విహార్‌లోని తమ ఇంటికి టీకి రమ్మన్నాడు. జనవరి చలి కన్నా నన్ను ఎక్కువగా వణికించింది నా సాక్సే. బొటనవేలు బయటికి తొంగిచూస్తోంది. ఎవరింటికి వెళ్లినా గుమ్మం దగ్గరే బూట్లు విప్పే జాతి మనది. అందుకని మెట్రో స్టేషన్ బయట ఆగి, ఏళ్ల తరబడి చిరగదని దుకాణదారు ఒట్టేసి చెప్పిన జత కొని, అక్కడి మెట్ల మీదే కూర్చుని మార్చుకున్నాను.

తలుపు తీసిన అమిత్ వాళ్లమ్మ, నేను వంగి లేసులు విప్పుతుంటే కంగారుపడింది.

"అరే బేటా, బూట్లతోనే వచ్చెయ్. నేల ఐసులా ఉంది."

"పర్లేదు ఆంటీ, మా వైపు బూట్లతో లోపలికి రాం," అన్నాను. ప్రత్యేకంగా కొన్నవి ఎవరూ చూడకపోతే ఎలా?

ఆవిడ చూసింది. చూసి జాలిపడింది.

"ఇంత పల్చటివా!" అంటూ తను అల్లిన ఎర్రటి ఉన్ని సాక్సులు తెచ్చి, నా కొత్త జత మీదే తొడిగించింది. ఇంట్లో అందరి కాళ్లకూ అలాంటివే. ఆ మెత్తదనం నా పాదాలు ఎన్నడూ ఎరగవు. వెళ్లేటప్పుడు విప్పబోతే, "ఉంచుకో బేటా," అంది.

దుకాణదారు ఒట్టు నెల తిరక్కుండానే మడమ దగ్గర చిరిగింది. ఆంటీ అల్లిన జత మాత్రం ఇప్పటికీ కొత్తగానే ఉంది. ఎందుకుండదు? నేనుండేది బెజవాడలో.