అప్పన్న పిడికిలి

దయ్యాలంటే నవ్వేసే రకం నేను. దొరల కాలంలో బిలాస్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరినప్పటినుంచీ శవపరీక్షల దగ్గర డాక్టరుకి సాయం నిలబడ్డవాణ్ణి. చచ్చినవాడు లేచిరావడం ఎక్కడా చూడలేదు. ఇప్పుడు చెప్పేది నమ్మమని ఎవర్నీ బతిమాలను.

అప్పన్న లోకో షెడ్డులో ఖలాసీ. మా విజయనగరం వైపువాడే. మూర్ఛ వచ్చేది. మూర్ఛపోయినవాడి చేతిలో మావాళ్ళు ఇనుము పెడతారు. నా ఎదుట పడిపోయిన రెండుసార్లూ నేను మందుల బీరువా తాళంచెవి పెట్టాను. దానివల్ల ఒరిగేదేమీ లేదని తెలిసీ పెట్టాను.

"పెద్ద డాక్టరుకి సెప్పకండి బావూ, నౌకరీ పోద్ది," అని కాళ్ళు పట్టుకున్నాడు. జాలిపడ్డాను. రిజిస్టరులో రాయకుండానే మందు ఇస్తూ వచ్చాను. ఇంజను దగ్గర పడిపోతే ఏంగతి అని ఆలోచించనే లేదు.

ఒకరోజు పొద్దున్న అప్పన్న క్వార్టర్‌లో మంచం మీద బోర్లా పడి చనిపోయి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి, నోట్లో నెత్తురు. ముందురోజు మొగుడూ పెళ్ళాం అరుచుకోవడం పక్కవాళ్ళు విన్నారట. తలగడతో నొక్కి చంపిందని పోలీసు దరోగా శవంతోపాటు అతని భార్య పైడమ్మను ఆసుపత్రికి పట్టుకొచ్చాడు.

ఆమె నన్ను చూపించి ఏడ్చింది. "మా మావకి మూర్ఛుంది బావూ. ఈ కంపౌండరు బావుకి తెలుసు, అడగండి."

డాక్టరు నావైపు తిరిగాడు. దొంగచాటుగా మందిచ్చిన సంగతి బయటపడితే నా ఉద్యోగం గతేమిటి?

"తెలియదు సార్," అన్నాను. ఛీ, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

పరీక్షకి ముందు బీరువా తెరిచి స్పిరిట్ తీశాను. తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకి ముడేసుకున్నాను. శవం అప్పటికే బిగుసుకుపోయి ఉంది. కుడి పిడికిలి విప్పడానికి డాక్టరూ నేనూ ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

లోపల తాళంచెవి. నా బీరువాదే.

మొలతాడు తడుముకున్నాను. వేసిన ముడి వేసినట్టే ఉంది, తాళంచెవి లేదు.

అక్కడికక్కడే డాక్టరుకి అంతా చెప్పేశాను. డాక్టరు నాలుక మీద పాత కాట్లు చూశాడు. ఊపిరాడకుండా నొక్కిన గుర్తులు ఎక్కడా లేవని, మూర్ఛలోనే ప్రాణం పోయిందని రాశాడు. పైడమ్మను వదిలేశారు. నా ఉద్యోగం పోయింది.

వెళ్తూ వెళ్తూ ఆమె నా దగ్గర ఆగింది. "మా మావ సెయ్యి తెరవకపోతే, మీరు సెప్పేవోరేటి బావూ?"

తాళంచెవి అక్కడికెలా వెళ్ళిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె అడిగినదానికి జవాబు మాత్రం అప్పుడే తెలుసు.