మా నాయన బోరుకు నేను పెట్టిన కాంట్రాక్టరు

గొడ్డలి ముట్టకుండా, నిప్పు పెట్టకుండా, వందల మైళ్ల దూరంలో కుర్చీలో కూర్చుని, కేవలం కాగితాలతో పదకొండు నిమ్మచెట్లను ఎండబెట్టిన మనిషిని మీరు ఎప్పుడైనా చూశారా? చూడకపోతే విచారించకండి. ఆ మనిషి రాసిందే ఇప్పుడు మీరు చదువుతున్నారు.

తొంభైల నడుమ నాకు గోదావరి జిల్లాలో, గ్యాసు బావుల దగ్గర ఉద్యోగం దొరికింది. ఉద్యోగమంటే పెద్దగా ఊహించుకోకండి. పైపుకు ఒక గేజి ఉంటుంది. దాని ముల్లు ఎక్కడుందో గంటకోసారి చూసి కాగితంలో రాయాలి. ముల్లు కదిలితే ఇంజనీరు మూర్తిగారికి చెప్పాలి. కదలకపోతే 'నార్మల్' అని రాయాలి. ఆ మాట నేను ఎన్నిసార్లు రాశానంటే, అమ్మకు రాసిన ఉత్తరంలో కూడా 'నా ఆరోగ్యం నార్మల్' అని రాశాను.

అప్పుడే ఆ రంగం మారుతోంది. అంతకుముందు బావి తవ్విన పెద్ద కంపెనీయే దాన్ని చూసుకునేది. మేము చేరేనాటికి బావి వాళ్లది, చూసుకోవడం మాది. మేమంటే కాంట్రాక్టరు మనుషులం. మా కాంట్రాక్టరు మళ్లీ కంచె కాపలా ఒకరికి, జనరేటరు ఒకరికి, మాకు అన్నం వండే పని ఇంకొకరికి ఇచ్చాడు. ఆ వంటాయన ఉల్లిపాయలు తరిగే పని వేరే ఎవరికో ఇచ్చాడని విన్నాను గానీ కళ్లతో చూడలేదు. వీటన్నిటికీ మీద ఒక నియమం ఉండేది. బావి సొంతదారు స్వయంగా వచ్చినా సరే, వాల్వు మీద చెయ్యి వెయ్యకూడదు. వేస్తే ఆ తర్వాత జరిగే ప్రతిదానికీ పూచీ ఆయనదే. ఈ నియమం నాకు దైవవాక్యం లాగా తోచింది. తల నిండా దాన్ని పెట్టుకుని, తల మీద పసుపుపచ్చ హెల్మెట్టు పెట్టుకుని, మార్చిలో సెలవు మీద ఊరికొచ్చాను.

మాది ఉదయగిరికీ ఆత్మకూరుకూ నడుమ ఒక మెట్ట ఊరు. నాయన పేరు దావీదు, మా ఊరి బాప్టిస్టు సంఘంలో పెద్ద. ఆయనకున్నది ఒక నిమ్మతోట, ఒక బోరు. నిమ్మకాయకు ఎండాకాలంలోనే గిరాకీ, బోరులో నీళ్లు తగ్గిపోయేదీ ఎండాకాలంలోనే. ఏడాది బతుకంతా ఆ మూడు నెలల నీటి మీద ఆధారపడి ఉండేది.

ఆ బోరును నాయన చూసుకునే పద్ధతి ఒకటుంది. త్రీఫేజు కరెంటు వచ్చిన వెంటనే మోటారు వేసి, పైపు దగ్గర గొంతుకూర్చుని వింటాడు. నీళ్లు పడే చప్పుడు సన్నబడగానే మోటారు ఆపేస్తాడు. బోరు మళ్లీ ఊరాలి గదా, అందుకని కీర్తనలు పాడతాడు. మార్చిలో రెండు కీర్తనలకు ఊరేది. మే నెలకు మూడు కీర్తనలు, ఒక ప్రార్థన పట్టేది. మళ్లీ మోటారు వేస్తాడు. నేను పుట్టకముందు బావి మీద, తర్వాత బోరు మీద, ఆయన చేతిలో ఒక్క మోటారు కాలలేదు.

నేను షెడ్డులో హెల్మెట్టు మేకుకు తగిలించి ఉపన్యాసం మొదలుపెట్టాను.

"నాయనా, ఈ వయసులో నీకు ఇదంతా ఎందుకు? అంత పెద్ద కంపెనీలే వాళ్ల బావులు వాళ్లు చూసుకోడం మానేసినాయి."

"ఎందుకు, వాళ్లకు మోకాళ్ల నొప్పులా?"

"కాదు నాయనా. పని తెలిసినోడికి అప్పజెప్తారు. వాడు చూసుకుంటాడు, రోజూ రిపోర్టు రాస్తాడు. మనం నిమ్మళంగా ఉండొచ్చు."

"రిపోర్టు చదివితే చెట్టుకు తడి తగులుతాదా?"

"నీకు అర్థం కాదులే నాయనా."

"అర్థం కాలేదు గాబట్టేరా అడగతా ఉండేది."

నిజం చెప్పాలంటే ఆయన్ని సుఖపెట్టాలనే కోరిక నాకు ఉంది. ఎండలో గొంతుకూర్చుని లేచేటప్పుడు ఆయన గోడ పట్టుకోవడం నేను చూశాను. కానీ ఊళ్లో వాళ్ల ముందు బావుల విషయం తెలిసిన మనిషిగా కనిపించాలన్న కోరిక దానికి రెండింతలు ఉంది. ఆ రెండూ కలిస్తే మనిషిని ఆపడం కష్టం.

మర్నాడే ఆత్మకూరు వెళ్లి మోటారు మెకానిక్కు ఖాదర్ భాయిని పట్టుకున్నాను. కాలిపోయిన మోటార్లకు కాయిలు చుట్టడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు. మోటారు కాలాక ఏం చెయ్యాలో తెలిసిన మనిషికి, కాలకుండా చూసే పని ఇస్తున్నానన్న సంగతి నాకు తట్టలేదు.

"రోజూ మనిషి రావాల భాయ్. కరెంటు ఉన్నంతసేపు మోటారు చూసుకోవాల, పాదులకు నీళ్లు కట్టాల. సాయంత్రం ఈ కాగితం నింపి నాకు పోస్టు చెయ్యాల," అంటూ సైటు నుంచి తెచ్చిన నమూనా చూసి టైపు చేయించిన యాభై ఫారాలు ఇచ్చాను.

ఖాదర్ భాయి ఫారాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇదేంది సార్, 'బోరు విశ్రాంతి, నిమిషాల్లో' అని ఉండాది?"

"మోటారు ఆపిన టైము."

"అట్నే సార్. మీరు నిమ్మళంగా పొండి."

ముందుగా యాభై రోజులకని అగ్రిమెంటు రాశాను. 'ఓనరు గానీ, ఓనరు కుటుంబసభ్యులు గానీ స్టార్టరు ముట్టరాదు' అన్నది మూడో షరతు. దాని కింద గీత గీసి మరీ రాశాను. స్టార్టరు డబ్బాకు తాళం వేసి, తాళంచెవి కాంట్రాక్టరు ఖాదర్ భాయికి ఇచ్చాం. నాయన కళ్లజోడు పెట్టుకుని అంతా చదివి, ఓనరు అన్నచోట సంతకం పెట్టాడు.

"అబ్బయా, పెట్టమన్నావు గాబట్టి పెట్టినా. సంతకం పెట్టినాక మాట తప్పను. అదొక్కటి గుర్తుపెట్టుకో."

నాకు అప్పుడు అది మెచ్చుకోలులాగా వినిపించింది.

సైటుకు తిరిగి వచ్చాక రిపోర్టులు రావడం మొదలైంది. ఎంత బాగుండేవో. నీళ్లు: ఫుల్లు. మోటారు: నార్మల్. బోరు విశ్రాంతి: ఇరవై నిమిషాలు. చెట్లు: పచ్చగా ఉండాయి. రోజూ అదే. నేను వాటిని ఒక ఫైలులో గుచ్చి, టీ తాగే ప్రతి మనిషికీ చూపించాను. ఏప్రిల్ నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం మూర్తిగారికి కూడా చూపించాను. ఆయన నవ్వని మనిషి. ఆ రోజే వచ్చిన రిపోర్టు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇది ఏ రోజుది?"

"తేదీ వేసి ఉంది గదండీ."

"వేసి ఉంది. ఎల్లుండి ఆదివారంది. ఎల్లుండి మీ బోరులో నీళ్లు ఫుల్లుగా పడ్డాయట. సంతోషం."

నేను కాగితం లాక్కుని చూశాను. ఆదివారమే. కింద ఖాదర్ భాయి సంతకం ఉంది. మా ఊరి నుంచి ఉత్తరం రావడానికే నాలుగు రోజులు పడుతుంది.

మూర్తిగారు ఫైలు మూసి నా చేతికిచ్చాడు. "మన బావుల రిపోర్టులు కూడా నువ్వే గదా రాసేది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా గేజి దగ్గరకు స్వయంగా నడిచాడు. నాలుగు రోజులు సెలవు మాత్రం ఇచ్చాడు.

రైలెక్కి, బస్సెక్కి, మర్నాడు పొద్దున ఆత్మకూరులో దిగాను. ఖాదర్ భాయి షాపు ముందు కాలిన మోటార్లు వరసగా పడి ఉన్నాయి.

"సార్, యాభై కాయితాలూ మొదటిరోజే ఒకసారి కూర్చోని నింపేసినా. రోజూ అదే రాయాల గదా, మళ్లీ మళ్లీ ఎందుకని. పక్క షాపాయన రోజుకొకటి పోస్టు డబ్బాలో ఏస్తాండాడు. ఒకో రోజు గుర్తొచ్చి రెండేసినట్టుండాడు."

"మరి బోరు దగ్గర ఎవరుండారు?"

"పెంచలయ్య ఉండాడు సార్. ఎండాకాలం నాకు యాడ తీరతాది? నమ్మకస్తుడు, వానికి అప్పజెప్పినా."

పెంచలయ్య మా పక్కూరివాడు. దారిలో బస్టాండు దగ్గరే దొరికాడు. వారం రోజులు మోపెడ్ మీద వచ్చి చూశాడట. "దినామూ అంత దూరం యాడ తిరిగేదన్నా? మీ పక్క చేను చిన్నబ్బాయికి ఇచ్చినా గదా. మీ గట్టు మీదనే ఉంటాడు."

చిన్నబ్బాయి గట్టు మీదనే ఉండేవాడు, నిజమే. కానీ పెంచలయ్య చెప్పిందాన్నిబట్టి, అనంతసాగరంలో వాళ్ల బావమరిది పెళ్లి వచ్చింది. పది రోజులు అక్కడే ఉన్నాడు. స్టార్టరు తాళంచెవి కూడా ఆయన జేబులో పెళ్లికి వెళ్లింది.

ఇవన్నీ విన్నాక తోటకు పరిగెత్తాను. గేటు దగ్గరే చూశాను. దూరంగా ఉన్న చివరి వరస ఎర్రబడి, ఆకు రాలి నిలబడి ఉంది. లెక్కపెట్టాను, పదకొండు. వాటిని నాటిన రోజు నాకు గుర్తుంది. నేను హైస్కూల్లో ఉన్నాను, గుంటలు తవ్వింది నేనే. ఏడుపొచ్చింది.

మోటారు చప్పుడు వినిపించింది. షెడ్డు దగ్గరికి వెళ్తే, నా పసుపుపచ్చ హెల్మెట్టు పెట్టుకుని, నడుముకు తాళంచెవి కట్టుకుని, పైపు దగ్గర నాయన కూర్చుని ఉన్నాడు.

"నాయనా, నువ్వా?"

"మాట్లాడబాక, నీళ్లు సన్నబడతా ఉండాయి." లేచి మోటారు ఆపాడు. అప్పుడు నా వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పు. ఎవరు కావాల నీకు?"

"స్టార్టరు దగ్గర నువ్వెందుకుండావు?"

"చిన్నబ్బాయి నన్ను పనికి పెట్టుకున్నాడు. పెళ్లి నుంచి వచ్చి చెట్లు చూసి సిగ్గుపడినాడు. 'ఎట్నూ ఈడ్నే ఉంటావు గదా మామా, నువ్వే చూసుకో' అన్నాడు. సరే అన్నా. జీతం దినానికి రెండు టీలు."

"మరి ఆ పది రోజులు? తాళం పగలగొట్టి ఉండొచ్చు గదా నాయనా."

"అప్పుడు నేను ఓనరును రా. ఓనరు ముట్టకూడదని నువ్వే గీత గీసి రాసినావు, నేను సంతకం పెట్టినాను. ఇప్పుడు ఓనరును కాదు. కాంట్రాక్టరు మనిషికి మనిషి పెట్టిన మనిషిని."

ఆయన ముఖంలో నవ్వు ఉందేమోనని వెతికాను. హెల్మెట్టు కింద ఏమీ కనపడలేదు.

అంతలో అమ్మ బిందెతో వచ్చింది. "కరెంటు రావడం, పోవడం. ఈయన తాళం ముందర కూర్చోని చూడటం. ఊరి చేతి బోరింగు నుంచి ఇద్దరం బిందెల్తో మోసినాం. చేతనైనన్ని చెట్లకు పోసినాం. ఆ చివరికి మోయలేక పోయినాం," అంది.

"జాబు రాసి ఉండొచ్చు గదమ్మా."

"రాస్తే ఏం చేస్తావు? ఇంకో యాభై కాయితాలు పంపిస్తావు."

నేను స్టార్టరు వైపు నడిచాను. నాయన అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"ఆగు. నువ్వు ఓనరు కుటుంబసభ్యుడివి. అగ్రిమెంటు ఇంకా పదారు రోజులుండాది. నువ్వు ముట్టబాక."

"మరి నేనేం చెయ్యాల?"

"బిందెలు ముట్టకూడదని యాడా రాయలేదు."

ఆ మూడు రోజులూ నేను బోరింగు నుంచి చివరి వరసకు బిందెలు మోశాను. కాలువ అంతదూరం పారించే నీళ్లు బోరులో లేవు. ఊళ్లోవాళ్లు గట్టు మీద నిలబడి చూశారు. గ్యాసు బావుల ఆఫీసరు నీళ్లు మోస్తుంటే చూడటానికి పెంచలయ్య మోపెడ్ వేసుకుని పక్కూరు నుంచి మళ్లీ వచ్చాడు. పని ఉన్నప్పుడు దూరమైన ఊరు ఆ రోజు దగ్గరైంది. పైపు దగ్గర మా నాయన పాడుతూనే ఉన్నాడు. ప్రతి కీర్తన చివరా నేనెక్కడున్నానో చూసేవాడు.

తిరిగి వెళ్లిన మూడు వారాలకు సైటుకు ఒక రిపోర్టు వచ్చింది. తెల్లకాగితం మీద నా ఫారం లాగే గీసి ఉంది, చేతిరాత నాయనది. నేను చూసిన రిపోర్టులన్నిటిలో 'నార్మల్' అనే మాట లేనిది అదొక్కటే.

నీళ్లు: సన్నంగా ఉండాయి. మోటారు: నీకన్నా నయం. బోరు విశ్రాంతి: మూడు కీర్తనలు, ఒక ప్రార్థన. చెట్లు: పదకొండులో నాలుగు చిగురేసినాయి. మోకాళ్లు: ఉండాయి. మళ్లీ ఎప్పుడొస్తావు?

దాన్ని మూర్తిగారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, మొదటిసారి నవ్వాడు. ఆ కాగితాన్ని గేజి పక్కన గోడకు అతికించమన్నాడు. నేను పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

కావున ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా: చెవితో విని, పక్కన కూర్చుని, పాడుకుంటూ చూసుకునే పనిని ఇకమీదట జన్మలో ఎవరికీ కాంట్రాక్టుకు ఇవ్వనని, ఇప్పించనని, ఇవ్వమని సలహా కూడా చెప్పనని, బతికిన నాలుగు చెట్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ ప్రమాణం నేనే కూర్చుని, ఈ రోజుదే తేదీ వేసి, సొంత చేత్తో రాశాను. పక్క షాపాయనకు ఇవ్వకుండా, పోస్టు డబ్బాలో కూడా నేనే వేస్తాను.