సారు కాపలా కాసిన కడవ

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో మా డ్రిల్లు సారు పోయారని పొద్దున్నే ఫోనొచ్చింది. ఆటల్లో డోపింగ్ మీద తీసిన డాక్యుమెంటరీ త్వరలో జమ్మలమడుగులో వేస్తారట. అందులో మాట్లాడిన సారు దాన్ని చూడకుండానే వెళ్లిపోయారు. ఆ బాధ నాకు తీరేది కాదు.

ఈ కాలం పిల్లలకు తెలియదు గానీ, ఫ్యాక్షన్ రోజుల్లో మా ఊళ్లో కబడ్డీ కూడా రెండు పార్టీలే. తిరునాళ్ల పోటీలకు పోతే ఎవరి నీళ్ల కడవ వాళ్లదే. అవతలివాళ్లు నీళ్లలో ఏం కలుపుతారోనని భయం. సారు మా కడవ పక్కనే కూర్చునేవారు. ముందు తానొక గ్లాసు తాగి, కాసేపు ఆగి, అప్పుడు మాకు పోసేవారు. "నాకేమన్నా అయితే ఇంటికి పోండి రా, ఆట యాడికీ పోదు" అని నవ్వేవారు. గోళ్లు పెంచుకుని ఆటకు దిగామో, వీపు విమానం మోతే!

మా టీములో కూతకు పోయే రైడరు లాంటి ఆటగాడు ఈ చుట్టుపక్కల లేడు. డబ్బులిచ్చి ఆడించే పెద్ద టీములోకి పోయాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా మా పార్టీ పెద్దాయనే దగ్గరుండి వాడికి 'బలం సూది' వేయించేవాడు. మనోళ్లే కదా అని వాడు చెయ్యి చాపాడు. మనోళ్లే కదా అని సారూ అడగలేదు. ఆ సూదులకు కిడ్నీలు పాడై వాడు చనిపోయిన రోజు సారు నేల మీద కూలబడి ఏడ్చారు. ఆ తర్వాత ఆయన ఈల ఊదగా నేను వినలేదు.

డాక్యుమెంటరీవాళ్లు వచ్చారని తెలిసి పెద్దాయన సారు ఇంటికొచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"సారూ, ఆ సూది మాట చెప్పొద్దు. మన పార్టీ పరువు పోతాది."

"పార్టీ ఉండాది లేప్పా. పిల్లోడు యాడుండాడు?" అన్నారు సారు.

మరునాడు ముఖం దాచుకోకుండా కెమెరా ముందు కూర్చున్నారు. "అవతలోళ్లు ఇసం పెడతారని కడవ కాడ కూసుంటి. మనోళ్లు పెట్టిందాన్ని మందనుకుంటి" అన్నారు. అప్పటినుంచి మా వైపువాళ్లు ఆయన్ని పెళ్లికీ పిలవలేదు, పలకరించనూ లేదు.

సమాధుల తోటకు మా పార్టీవాళ్లు నలుగురైదుగురమే వచ్చాం. ఎండలో గుంత పూడ్చేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. ఒకప్పటి అవతలి టీము కెప్టెను తన ఇంటినుంచి నీళ్ల కడవ తెచ్చి మా ముందు పెట్టాడు. జుట్టంతా నెరిసింది. దాహంగానే ఉంది, కానీ మాలో ఒక్కరి చెయ్యీ ముందుకు పోలేదు.

అతను మా ముఖాల వంక చూశాడు. గ్లాసు ముంచి ముందు తాను తాగాడు. సారు లాగే కాసేపు ఆగాడు. తర్వాత మళ్లీ ముంచి నాకు అందించాడు.