బండికి తెలుసన్న రంగసామి

మెకానిక్ రంగసామి మరణించాడు. పోయిన నెల ఒక ఉదయం షెడ్డు తలుపు తెరిచి, బల్ల మీద కూర్చుని టీ తాగుతుండగా గుండె ఆగింది. బట్టల అంగడి నాగరాజ శెట్టి నాకు ఫోన్ చేసి చెప్పాడు. "సార్, మన రంగసామి పోయినాడు. టీ గ్లాసు కూడా కింద పడలేదంట సార్. చేతిలోనే ఉండెనంట."

ఇటువంటి సంస్మరణ వ్యాసాలు 'ఆ వార్త విని నిశ్చేష్టుణ్ణయ్యాను' అని మొదలవుతాయి. ఈ పత్రికలోనే ఎందరి గురించో నేనూ అలాగే రాశాను. ఈసారి అలా రాయలేను. ఆ వార్త చెవిన పడిన తొలి క్షణంలో నాకు కలిగింది దుఃఖం కాదు, ఊరట. ఇక నన్ను అడిగేవాడు లేడు కదా అనే ఊరట. దుఃఖం కాసేపటికి వచ్చింది. దాని వెంటే సిగ్గు వచ్చింది. దుఃఖం కొంత తగ్గింది గాని సిగ్గు తగ్గలేదు.

రంగసామిది పిక్కిలి అనే పల్లె. తల్లిదండ్రులు రాళ్ళు మోసి, గోడలు కట్టి బతికినవాళ్ళు. ఇంట్లో తెలుగు, బడిలో అరకొర తమిళం. తెలుగు అక్షరం అతనికి రాదు. కుర్రతనంలో బెంగళూరు పోయి జర్మన్ కార్లు బాగుచేసే చోట చాలా ఏళ్ళు పని నేర్చుకుని, తిరిగి వచ్చి మన ఊళ్ళో పెన్నాగరం రోడ్డులో రేకుల షెడ్డు వేశాడు. ఈ తమిళ సీమలోని మన తెలుగు వర్తకుల్లో జర్మన్ కారు కొన్నవాళ్ళు, నాలాగా రెండో చేతి కారు కొన్నవాళ్ళు అతని దగ్గరికే పోయేవాళ్ళం.

అతని పనితీరు విచిత్రంగా ఉండేది. బానెట్ ఎత్తి చూడడం అతనికి సగం పనే. మిగతా సగం రోడ్డు మీద. మనల్ని కారు నడపమని, తన పాత బైకు మీద హెల్మెట్ లేకుండా వెనకాల వచ్చేవాడు. ఇంజన్ కూత వినేవాడు, పొగ వాసన పట్టేవాడు. "లోపల కూర్చున్నోనికి ఏసీ గాలి తప్ప ఏమీ తెలియదు సార్. బండి గుణం వెనకాల వచ్చేవానికే తెలుస్తుంది" అనేవాడు. దాన్ని మెకానిక్ మాటగా విని నవ్వి వదిలేశాను. ఒక్క బండ్లకే వర్తించే మాట కాదని ఇప్పుడు అర్థమవుతోంది.

షెడ్డు గుమ్మానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు వేలాడుతుండేవి. హేతువాదిని నేను ఊరుకుంటానా? ఎత్తిపొడిచాను. అతను రెంచి పక్కన పెట్టి, "నిమ్మకాయ గిరాకీల కోసం సార్. రిపేరు మాత్రం చేతులతోనే చేస్తాను" అన్నాడు. ఆయుధపూజ నాడు కార్లకు గంధం, కుంకుమ పెట్టడం మీద నేనొక కరపత్రం రాసి పంచాను. అది శెట్టి చేత చదివించుకుని, చేతిలో పట్టుకుని అతను మా ఇంటికి వచ్చిన సమయానికి నేను కారు ముందుండే కంపెనీ గుర్తును తెల్లని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాను. ఆ గుడ్డ దానికే ప్రత్యేకం. మరి దేన్నీ దానితో తుడిచేవాణ్ణి కాదు.

"ఇది ఏ సామి సార్?"

"సామి కాదయ్యా. కంపెనీ గుర్తు."

"మేము ఏడాదికి ఒకతూరి పూజ చేస్తాము. మీరు దినమూ చేస్తా ఉండారు. మాకంటే మీకే బక్తి జాస్తి."

నవ్వేశాను. ఆ మాటలో నిజం ఎంతుందో ఆనాడు నాకు తెలియలేదు. దేవుణ్ణి దించిన పీఠం ఖాళీగా ఉండదు. నా పీఠం మీద జర్మన్ యంత్రం కూర్చుంది. జర్మన్ ఇంజనీరు అబద్ధం చెప్పడు, కొలత తప్పడు అని నేను నమ్మాను. ఎవరో చెప్పగా నమ్మాను, పరీక్షించి కాదు. ఆ కంపెనీ చరిత్రను ఈ పత్రికలోనే కొన్ని నెలలపాటు రాశాను. యుద్ధంలో శిథిలమైన ఫ్యాక్టరీ ఎలా లేచి నిలిచింది, ఆ పేరు వింటేనే ప్రపంచం ఎలా తల వంచింది, అంతా ఉప్పొంగుతూ రాశాను. యుద్ధకాలంలో ఖైదీల చేత, పరాయి దేశాల నుంచి ఈడ్చుకొచ్చినవాళ్ళ చేత అక్కడ వెట్టిచాకిరీ చేయించారన్న సంగతి ఒక్క వాక్యంలో ముగించాను.

ఆ వ్యాసం శెట్టి చదువుతుంటే రంగసామి విన్నాడు. మర్నాడు నన్ను పట్టుకున్నాడు.

"ఆ చెరలో ఉండినోళ్ళు ఎంతమంది సార్?"

"చాలామంది."

"వాళ్ళ పేర్లు మీరు రాయలేదే."

"పేర్లు నాకెలా తెలుస్తాయి?"

"ఫ్యాక్టరీ ఓనరు, ముదలాళి పేరు తెలిసె కదా సార్ మీకు." ఆగి, తనలో తాను అనుకున్నట్టు, "మా నాయన ఈ ఊర్లో ఎన్ని గోడలు కట్టినాడో. ఒక గోడ మీదా పేరు లేదు" అన్నాడు.

నేను ఇంజన్ ఆయిల్ గురించి మాట్లాడాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒకసారి శెట్టి తన కుటుంబంతో హొగేనక్కల్ జలపాతానికి పోయి చేపలు తిని తిరిగి వస్తుంటే రంగసామి వెనకాల బైకు మీద వచ్చాడు. శెట్టి కారు డీజిల్‌ది, ఆ కంపెనీదే. కనుమ ఎక్కుతున్నంతసేపూ అతని కళ్ళు మండాయి, గొంతు పట్టుకుంది. అదే కారును షెడ్డులో నిలబెట్టి ఎంత ఉరికించినా ఏమీ లేదు. పొగ పరీక్ష చేసే అంగట్లోనూ ఏమీ లేదు. తర్వాత నా డీజిల్ కారుతోనూ అలాగే చేసి చూశాడు. నా కారూ అంతే. నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు.

"సార్, సుమ్మా, ఊరికే నిలబెడితే బండి సాధువు. కనుమ ఎక్కితే వేరే గుణం. రెండు బండ్లు చూసినాను, రెండూ ఇట్లనే ఉండాయి. ఎవరో పరీక్ష చేస్తా ఉండారని బండికి తెలుస్తా ఉంది."

"బండికి తెలుస్తుందా?"

"అట్లనే ఉంది సార్. ఎట్లని నాకు తెలియదు. మీరు చదువుకున్నోళ్ళు. ఒకతూరి నా వెనకాల బైకులో కూర్చోండి, కనుమకు పోదాము. మీ కండ్లతో మీరే చూడండి."

నేను పోలేదు. నా కారు వెనకాల, నా మెకానిక్ బైకు మీద కూర్చుని పొగ పీల్చడమా? దూరదర్శిని ఇస్తే కన్ను పెట్టి చూడడానికి ఒప్పుకోని మతాధికారుల కథ ఎన్ని సభల్లో ఎంత వెటకారంగా చెప్పానో! ఆ రోజు నేను చేసింది అదే. ముప్పై ఏళ్ళు పిల్లలకు 'నమ్మవద్దు, చూడండి' అని పాఠం చెప్పినవాణ్ణి, ఒక మనిషి చూడమని పిలిస్తే చూడలేదు.

అంతటితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఇలా ఉండేది కాదు. ఆ నెలలోనే మన తెలుగు సంఘం హాలులో మూఢనమ్మకాల మీద నా ఉపన్యాసం. హాలు నిండుగా ఉంది. వెనక వరుసలో రంగసామి, భార్య మునియమ్మ. చప్పట్లు పడే కొద్దీ మనిషికి నాలుక మీద అదుపు పోతుంది. "మన ఊళ్ళో ఒక మెకానిక్ గారున్నారు. కారుకు మనసుందట! ఎవరైనా చూస్తే మంచిగా, చూడకపోతే చెడ్డగా నడుస్తుందట! నిమ్మకాయ కట్టే చెయ్యి జర్మనీ వాళ్ళకు సైన్సు నేర్పుతోంది. ఇక కారుకు పూనకం వస్తే వేపమండలు తెద్దాం" అన్నాను. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. పేరు చెప్పలేదు గాని అందరి తలలూ వెనక్కి తిరిగాయి. రంగసామి కూడా నవ్వాడు. నలుగురితో పాటు నవ్వకపోతే తప్పవుతుందేమోనన్నట్టుగా నవ్వాడు. మునియమ్మ నవ్వలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కరే కార్లను సేలం, హోసూరు షోరూములకు తీసుకుపోవడం మొదలుపెట్టారు. 'కారుకు పూనకం అంటాడే, ఆ మెకానిక్కా?' అన్నది ఊళ్ళో సామెత అయిపోయింది. జర్మన్ కార్ల మెకానిక్ అన్న పేరు పోయి, రంగసామి షెడ్డులో సరుకుల ఆటోలు, పాల వ్యాన్లు నిలబడ్డాయి. నేనూ నా కారును షోరూముకే పంపాను.

ఆపైన విదేశాల నుంచి వార్త వచ్చింది. ఆ కంపెనీ తన డీజిల్ కార్లలోని కంప్యూటరులో ఒక ఏర్పాటు దాచిపెట్టింది. పరీక్ష జరుగుతున్నదని కారు పసిగడుతుంది. అప్పుడు మాత్రం విషవాయువును అణచిపెడుతుంది. రోడ్డెక్కగానే వదిలేస్తుంది. ఎన్నో దేశాలను అలా మోసగించామని కంపెనీయే ఒప్పుకుంది. రంగసామి మాట గుర్తొచ్చింది. ఎవరో పరీక్ష చేస్తా ఉండారని బండికి తెలుస్తా ఉంది! మూఢనమ్మకమని నేను హాలంతా నవ్వించిన మాట అక్షరాలా నిజం.

ఇక్కడొక సంగతి చెప్పాలి. లేకపోతే రంగసామిని మహిమలున్న స్వామిని చేసినవాణ్ణవుతాను. అతని కళ్ళ మంట రుజువు కాదు. ఆ విషవాయువు కంటికి కనపడేదీ కాదు, ముక్కుతో కొలిచేదీ కాదు. మండించింది మామూలు డీజిల్ పొగే కావచ్చు. కానీ అతను వేసిన ప్రశ్న సరైనది. నిలబెట్టిన చోట ఒకటి, నడిచే చోట మరొకటి ఎందుకు ఉండాలి? సైన్సు ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. కంపెనీ మోసం బయటపెట్టినవాళ్ళు కూడా కారును రోడ్డు మీదికి తీసుకుపోయే పట్టుకున్నారు. ఆ పని మన కనుమలో ఒక బైకు మీద అంతకుముందే మొదలైంది. దాన్ని అక్కడే ఆపినవాణ్ణి నేను.

అప్పుడు నేనేం చేశాను? నిప్పులు కక్కుతూ వ్యాసం రాశాను. 'జర్మన్ యంత్రదేవత ముసుగు తొలగింది' అన్నాను. పెట్టుబడిని తిట్టాను, లోకం గుడ్డి నమ్మకాన్ని తిట్టాను. రంగసామి పేరు అందులో లేదు. నేను ఆ గుడ్డివాళ్ళలో ఒకణ్ణన్న మాటా లేదు.

వ్యాసం వచ్చిన వారానికి అతను మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బాగా రాసినారు సార్. శెట్టిగారు చదివి వినిపించినారు. నా పేరు వినపళ్ళేదు. మరిచి వదిలేసినారేమో అని ఇంకొకతూరి చదవమని అడిగినాను."

నేను బల్ల మీది కాగితాలు సర్దసాగాను.

"పత్రికలో వద్దు సార్. నాకు చదవనూ రాదు. హాల్లో చెప్పినారు కదా, ఆ హాల్లోనే ఒక మాట చెప్పండి. రంగసామి పిచ్చోడు కాదు, వాడు చెప్పింది శరి అని. అంతే."

"చెప్తాను రంగసామీ. సందర్భం రావాలి కదా."

"శరి సార్. సందర్భం వచ్చినప్పుడే చెప్పండి."

ఆ తర్వాత ఆ హాలులో ఎన్ని సభలు జరిగాయో! చాలావాటికి నేనే అధ్యక్షుణ్ణి. ప్రతి సభకూ రంగసామి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి వెనక వరుసలో కూర్చునేవాడు. నేను మాట్లాడడానికి లేవగానే వెన్ను నిటారుగా పెట్టేవాడు. నేను అది చూసేవాణ్ణి. చూసి స్త్రీవిద్య గురించి, జ్యోతిషం గురించి, బాబాల గురించి మాట్లాడి దిగేవాణ్ణి. కొన్నేళ్ళకు అతను రావడం మానేశాడు. అప్పుడు కూడా నాకు ఊరటే కలిగింది.

వెళ్ళి ఒక మాట చెప్పడానికి నన్ను అడ్డుకున్నది ఏమిటి? భయమా? కలెక్టర్ల ముందు, మఠాధిపతుల ముందు భయపడనివాణ్ణి. నన్ను అడ్డుకున్నది నా పేరు. 'సార్ పొరపాటు పడరు' అని ఈ ఊరు అనుకుంటుంది. ఆ మాటను నేను ఆ కంపెనీ గుర్తులాగే తుడిచి తుడిచి కాపాడుకున్నాను. కంపెనీని నేను ఇక ఏ నోటితో తిట్టను? అది తన పేరు కోసం అబద్ధమాడింది. నేను నా పేరు కోసం నోరు మూసుకున్నాను. దానిచేత నిజం ఒప్పించడానికి ప్రభుత్వాలున్నాయి. నాచేత ఒప్పించడానికి రంగసామి తప్ప ఎవరూ లేరు. అతనికేమో నన్ను నిలదీయలేనంత మర్యాద.

మరణించిన మర్నాడు ఇంటికి పోయాను. మునియమ్మ గడపలో కూర్చుని ఉంది. సంస్మరణ సభ పెడతాను, హాలులో అన్నీ చెప్తాను అన్నాను.

"ఇప్పుడా సార్?" అంది. గొంతులో కోపం లేదు. "ఆయన కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంటే ఎవురికి చెప్తారు?"

వెనుదిరగబోయాను. ఆమే మళ్ళీ అంది. "చెప్పండి. చెప్పకుండా ఉండొద్దు. కానీ సార్, ఆయన మంచోడు అని మాత్రం చెప్పొద్దండి. నిన్నట్నుంచి వచ్చినోళ్ళంతా మంచోడు, మంచోడు అని చెప్పి పోతా ఉండారు. మంచోడని మాకు తెలియదా? ఆయన చెప్పింది శరి అని చెప్పండి."

సభ జరిగింది. చెప్పాను. జరిగింది జరిగినట్టు, నా వెటకారం మాట పొల్లుపోకుండా మళ్ళీ నా నోటితోనే చెప్పాను. ముగించగానే హాలంతా చప్పట్లు. శెట్టి నా చేతులు పట్టుకుని, "ఎంత పెద్ద మనసు సార్ మీది! తప్పును ఇట్ల ఒప్పుకునేవాళ్ళు ఎవురుండారు?" అన్నాడు. చూశారా? రంగసామి పేరు నిలబెట్టడానికి పెట్టిన సభలోనూ పెరిగింది నా పేరే. మునియమ్మ ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్ళిపోయింది.

అందుకే ఇది రాస్తున్నాను. దయచేసి దీన్ని నా నిజాయితీకి సాక్ష్యంగా చదవకండి. మన జిల్లా ఒక మెకానిక్‌ను పోగొట్టుకోలేదు. మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. పొగ పరీక్ష అంగట్లో ఇచ్చిన కాగితం చూసి నమ్మకుండా ఎండలో బైకెక్కి వెనకాల పోయి చూసేవాణ్ణి పోగొట్టుకుంది. అతనికి నమస్కరించే అర్హత నాకు ఉందో లేదో తెలియదు, నమస్కరిస్తున్నాను. తెలుగు చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళను కూర్చోబెట్టుకుని దీన్ని చదివి వినిపించండి. అంతా చదివే తీరిక లేకపోతే ఈ చివరి మాటలు చాలు.

రంగసామి చెప్పింది సరి. నేను చెప్పింది తప్పు. ఆ సంగతి తెలిసి కూడా, అతను బతికి ఉన్నన్నాళ్ళూ నేను చెప్పలేదు.