టీనా మొరిగిన కొట్టం

పొద్దున ఐదు నలభైకి ఇటిక్యాల దాటి ఒక బడి ముందు మా ట్రక్కు ఆగింది. రెండు వేల తొమ్మిది, అక్టోబరు మొదటి వారం. వాన వెలిసింది కానీ నది తగ్గలేదు. జాతీయ రహదారి మీద వంతెన మూసేశారు. రాయచూరు మీదుగా చుట్టు తిరిగి, గద్వాల వచ్చి, అక్కణ్ణించి ఇక్కడికి చేరేసరికి పద్దెనిమిది గంటలు పట్టింది. ట్రక్కులో పదకొండు మందిమి, రెండు రబ్బరు పడవలు, తాళ్ళు, గడ్డపారలు, పారలు, వారం రోజుల రేషను, ఒక కుక్క.

కుక్క పేరు టీనా. నల్ల లాబ్రడార్, రెండున్నరేళ్ళ ఆడకుక్క. కూలిన గోడల కింద ప్రాణంతో ఉన్న మనిషి వాసన తగిలితే మొరిగి, కాళ్ళతో గీకి చెప్పడం దాని పని. దాన్ని నడిపించడం నా పని. అప్పటికి నేను లాన్స్ నాయక్‌ని, తొమ్మిదేళ్ళ సర్వీసు. మా ఊరు నదికి అవతల, పాన్‌గల్ దగ్గర. "సొంత జిల్లాకు డ్యూటీ, అత్తారింటికి పోతున్నట్టుంది నీ ముఖం" అని తోటి జవాన్లు దారి పొడుగునా ఆట పట్టించారు. నిజమే, నాకు లోపల సంబరంగానే ఉంది. అంత వరదలో సంబరపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ట్రక్కు వెనక తలుపు దించగానే టీనా కిందికి దూకింది. రోడ్డు పక్కన మేకలున్నాయి. కంటోన్మెంటులో పుట్టి పెరిగిన కుక్క, ఇటుకలూ సిమెంటు దిమ్మెలూ తప్ప మేకను చూసి ఎరగదు. దాని మెడకు కట్టిన పట్టా నా చేతిలోంచి జారిపోయింది. నేను అందుకునేలోపు ఒక మేక వెనక కాలు పట్టేసింది. పెద్ద గాయం కాలేదు. కానీ మేకల మనిషి కట్టె పట్టుకుని వచ్చాడు. పేరు మల్లయ్య, యాభై ఏళ్ళుంటాయి. కింది బీళ్ళు మునిగిపోతే అరవై గొర్రెల్నీ పది మేకల్నీ తోలుకుని గట్టుకు ఎక్కాడు.

"ఏంది సారు, మనుషుల్ని కాపాడనీకె వచ్చిన్రా, మేకల్ని తిననీకె వచ్చిన్రా?" అన్నాడు.

ట్రక్కు దిగుతున్న వాళ్ళంతా నవ్వారు. మా సెక్షన్ కమాండర్ హవల్దార్ మాత్రం నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి హిందీలో రెండు ముక్కలు చెప్పాడు. "నీళ్ళు దిగడానికి నాలుగు రోజులు పడుతుంది. ఆలోగా ఇది పశువుల్ని మర్చిపోవాలి. లేదంటే రేషను బండిలో ఇద్దర్నీ వెనక్కి పంపిస్తా."

సొంత జిల్లాలోంచి కుక్కతో సహా వెనక్కి పోవడమంటే ఎంత నామర్దా. ఆ నాలుగు రోజులూ నా తలలో అదొక్కటే తిరిగింది.

కుక్కకు పశువుల మధ్య నడవడం నేర్పడం పెద్ద విద్య కాదు. దూరం కావాలి, ఓపిక కావాలి, రోజులు కావాలి. దూరానికి గట్టు మీద లోటు లేదు. మల్లయ్యను బతిమాలితే మంద ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. మొదటి రోజు పది మీటర్ల నూలు పట్టా కట్టి, మందకు ఎనభై అడుగుల దూరంలో నడిపించాను. చెవులు నిక్కాయంటే వెంటనే "ఛోడ్" అని వెనక్కి తిరిగి నడిచేవాణ్ణి. వదిలెయ్ అని దానర్థం. అది మందను వదిలి నా వైపు చూస్తే ఎర్ర రబ్బరు బంతి ఇచ్చేవాణ్ణి. ఆ బంతి కోసం టీనా ప్రాణం పెడుతుంది. పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర. ఎర్రమట్టి బూట్లకు అంటుకుని ఒక్కో కాలు రెండు కిలోలు తూగేది.

రెండో రోజు నలభై అడుగులకు వచ్చాం. పరుగు తీయడం మానింది కానీ మొరగడం మానలేదు. గొర్రె కదిలితే మొరుగుతుంది, మేక తుమ్మితే మొరుగుతుంది. సాయంత్రం హవల్దార్ బడి మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. టీనా మళ్ళీ మొరిగింది. పట్టా కొసతో వీపు మీద గట్టిగా ఒక్కటి వేశాను. కుయ్యిమని నేలకు కరుచుకుపోయింది.

మల్లయ్య దగ్గరికొచ్చాడు. "ఉరికితే కొట్టు సారు, మొరిగితే కొట్టకు."

"ఎందుకు?"

"నా కుక్క మొరిగితే నేను పోయి జూస్త. ఉత్తగ మొరిగినా పోయి జూస్త. అండ్ల పదిపార్లు ఏముండదు. అయినా పోత. ఒక్కపారి పోకుంటే మల్ల అది జెప్పదు."

"నీ కుక్క గొర్లకు కావలి. ఇది ఆర్మీ కుక్క. దీని లెక్క వేరే" అన్నాను. తొమ్మిదేళ్ళ సర్వీసు, మూడు సర్టిఫికెట్లు. గొర్రెల మనిషి దగ్గర నేర్చుకుంటానా నేను?

"నాకేం తెల్వదు సారు, గట్లనే గానియ్" అని మల్లయ్య వెళ్ళిపోయాడు.

మూడో రోజు ఇరవై అడుగులు. మొరిగినప్పుడల్లా దెబ్బ పడింది. నాలుగో రోజు సాయంత్రానికి టీనా మంద నడిమధ్యలోంచి నా మోకాలికి ఆనుకుని నడిచింది. ఒక గొర్రెపిల్ల వచ్చి మూతి పెట్టి వాసన చూసినా తల తిప్పలేదు. ఒక్కసారి కూడా మొరగలేదు. హవల్దార్ దూరం నుంచే "శభాష్" అన్నాడు. ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

ఐదో రోజు నీళ్ళు దిగాయి. మాకు అప్పగించిన ఊరు బడికి కిలోమీటరున్నర దూరంలో, నది ఒడ్డున ఉంది. అన్నీ రాయీ మట్టీ కలిపి కట్టిన మిద్దెలు. నీళ్ళున్నప్పుడు నిలబడ్డ గోడలు నీళ్ళు పోయాక కూలుతున్నాయి. జనాన్నంతా గట్టు మీది శిబిరానికి చేర్చారు, ఊళ్ళోకి పోవద్దన్నారు. కానీ ఇంట్లో ఏం మిగిలిందో చూసుకోకుండా ఎవరాగుతారు. చీకటితోనే ఒక్కొక్కరు జారుకుంటున్నారు. ఆర్డరు స్పష్టంగా ఉంది. ఊళ్ళో ఆరు వీధులు. మనుషుల కోసం మాత్రమే వెతకాలి. పశువుల సంగతి పశువుల డాక్టర్లు మర్నాడు చూసుకుంటారు. తడిసిన గోడ పక్కన ఎవరూ ఆగకూడదు.

ఎనిమిదింటికి మొదలుపెట్టాం. నాలుగో వీధి చివరకు వచ్చేసరికి పదకొండు నలభై. అక్కడ గొడ్ల కొట్టం ఒకటి కూలి ఉంది. మట్టి ఇంకా పచ్చిగా ఉంది. దూలాల సందులోంచి ఒక బర్రె తల కనబడుతోంది. బతికే ఉంది, అరుస్తోంది.

టీనా ఆగింది. ముక్కు పైకెత్తింది. కుప్ప మీదికి రెండడుగులు ఎక్కి ఒక్కసారి మొరిగింది. ముందు కాలితో రెండుసార్లు గీకింది.

నేను బర్రెను చూశాను. ఇన్ని రోజులు నేర్పిందంతా ఒక్క బర్రెను చూడగానే పోయిందా అని మండింది. వీధి మొదట్లో హవల్దార్ ఉన్నాడు. "ఛోడ్" అన్నాను.

టీనా దిగలేదు. కుప్ప వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఛోడ్." ఈసారి పట్టా కొస ఎత్తి చూపించాను.

దిగింది. వచ్చి నా మోకాలికి ఆనుకుని నిలబడింది. జేబులోంచి బంతి తీసి ఇచ్చాను. హవల్దార్ బొటనవేలు పైకెత్తాడు.

రేడియో ఆపరేటర్ అడిగాడు. "నాలుగో వీధి?"

"కొట్టం కూలింది. కింద బర్రె ఉంది."

"మనిషి?"

"లేరు. క్లియర్."

అంతా కలిపి రెండు నిమిషాలు కూడా కాలేదు.

సాయంత్రం ఐదు పదికి బడి దగ్గర అన్నం పొట్లాలు పంచుతున్నారు. ఒక మనిషి వరుసల్లో ఆడవాళ్ళ ముఖాలు చూసుకుంటూ నా దాకా వచ్చాడు. సాయన్న, ఆ ఊరి రైతు.

"మా ఆడామెను యాడనన్న జూసిన్రా సారు? బాలమ్మ. పొద్దుగాల బర్రెను జూసొస్త అని పోయింది. బువ్వ కాడ ఉన్నదేమో అనుకున్న. అంత దేవులాడిన, లేదు."

"మీ కొట్టం ఎక్కడ?"

"బొడ్రాయి కాడికెల్లి పోతే సందు చివరకు సారు. ఆ సందుల మాదొక్కటే కొట్టం."

అది మా నాలుగో వీధి. పక్కనే హవల్దార్ ఉన్నాడు. నన్నే అడిగాడు.

"మధ్యాహ్నం నీ కుక్క అక్కడ ఏమైనా చూపించిందా?"

ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకు నేను రోజూ జవాబు చెప్పుకుంటూనే ఉన్నాను. చూపించింది సాబ్. మొరిగింది సాబ్, గీకింది సాబ్, నేనే దించాను సాబ్. ఆ రోజు మాత్రం "లేదు సాబ్" అన్నాను. చూపించిందంటే, మరి క్లియర్ అని ఎందుకన్నావని అడుగుతాడు. పది మంది ముందు తల దించుకోవాలి. అది బర్రె కోసమే మొరిగింది, బర్రె కోసమే, అని నాకు నేను చెప్పుకున్నాను. ఇంకా గంట వెలుతురు ఉంది. నడిచిపోతే ఊరు ఇరవై నిమిషాలు.

కుక్క చూపించలేదంటే అక్కడ లేనట్టే అనుకుని, గద్వాల శిబిరానికి పోయిందేమో కనుక్కోమని హవల్దార్ రేడియో ఆపరేటర్‌కు చెప్పాడు. దొరక్కపోతే పొద్దున మళ్ళీ వెతుకుదామన్నాడు. సాయన్న చేతులు జోడించాడు. నేను పోయి టీనాకు అన్నం పెట్టాను.

మర్నాడు ఆరున్నరకు నాలుగో వీధికి పోయాం. టీనా కుప్ప ఎక్కింది, వాసన చూసింది. మొరగలేదు. అక్కడే కడుపు నేలకానించి పడుకుంది. ఇరవై నిమిషాలు తవ్వాం. రాతి తొట్టికీ బర్రెకూ మధ్య మనిషి పట్టేంత ఖాళీ ఉంది. బాలమ్మ అందులో ఉంది. కాళ్ళ మీద దూలం పడింది. ముఖానికి దెబ్బ లేదు. బర్రెను కట్టేసిన తలుగు సగం విప్పి ఉంది. ఆమె అరిచే ఉంటుంది. బర్రె అరుపులో ఆ అరుపు నాకు వినబడి ఉండదు. టీనాకు వినబడింది.

మా నర్సింగ్ అసిస్టెంట్ కూర్చుని ఆమె దవడ, మెడ, మోచేతులు పట్టి చూశాడు. లేచి హవల్దార్‌తో మెల్లగా అన్నాడు, నాకు వినబడింది. "దవడ ఒక్కటే బిగిసింది సాబ్. తెల్లవారుజామున పోయుంటుంది."

బర్రెను తాళ్ళు కట్టి లాగితే దానంతటది నడిచి బయటికొచ్చింది.

రిపోర్టులో కుక్క సూచన ఇవ్వలేదని రాశారు. కింద నేను సంతకం పెట్టాను. యూనిట్‌కు తిరిగిపోయాక ఆ ఒక్క వాక్యం పట్టుకుని టీనాను మళ్ళీ పరీక్షించారు. శిథిలాల మీద నిలబడి, మనిషి వాసన తెలిసి కూడా, మొరగాలా వద్దా అని నా వైపు చూసింది. మొరగలేదు. ఫెయిల్ అన్నారు. వెతుకులాట పనిలోంచి తీసేసి గేటు కాపలాకు పంపారు. అప్పుడైనా నోరు విప్పొచ్చు. విప్పలేదు.

సర్వీసు ముగించుకుని ఊరికొచ్చాను. కుక్కపిల్లను తెచ్చి, గొర్రెల జోలికి పోకుండా నేర్పమని అడిగేవాళ్ళున్నారు. "నాకు రాదు" అంటాను. ఆర్మీలో కుక్కల పనే కదా చేసింది అని నవ్వుతారు. వీపనగండ్లలో ఒకాయనైతే ఇప్పటికీ నాకు పొగరనుకుంటున్నాడు. సాయన్న దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామని రెండుసార్లు బండి తీశాను. రెండుసార్లూ వంతెన దాకా పోయి తిరిగొచ్చాను. పిరికితనమే, ఇంకో పేరు లేదు.

మేం ఆ బడి ఖాళీ చేసిన రోజు పొద్దున ఏడింటికి సామాను ఎక్కిస్తున్నాం. సాయన్న వచ్చాడు. గుండు చేయించుకున్నాడు. తువ్వాలులో జొన్నరొట్టె కట్టుకొచ్చాడు.

"నీ కుక్కకు దెచ్చిన బిడ్డా. మీరు రెండు దినాలు బురదల పడి దేవులాడిన్రు. మా నసీబుల లేదు, మీరేం జేస్తరు."

వంగి రొట్టె తుంచి టీనా ముందు పెట్టాడు. దాని తల నిమిరాడు. టీనా రొట్టె ముట్టలేదు.

"తింటలేదేంది?"

"నేను చెప్పాలె."

"జెప్పు మరి" అన్నాడు సాయన్న.

సాయన్న చెయ్యి దాని తల మీదే ఉంది. రొట్టె దాని కాళ్ళ ముందే ఉంది. టీనా నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది.